పైన మనిషుంటే కింద నోరుండొద్దు

చెట్టు మీద మనిషి ఉండగా కింద రాజకీయం మాట్లాడకూడదు. కొమ్మలు కొట్టే పనివాళ్ల దగ్గర నేను విన్న మొదటి కట్టుబాటు ఇది. కొత్తగా ముఠాలో చేరిన కుర్రాడికి తాడు ముడి వేయడం నేర్పకముందే ఈ మాట చెబుతారు. నలభై అడుగుల ఎత్తున నిద్రగన్నేరు కొమ్మ మీద ఒక మనిషి రంపం పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని నడుముకు కట్టిన తాడు పై కొమ్మ పంగలోంచి తిరిగి కిందికి దిగి ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. ఆ తాడు పట్టినవాడు పక్కవాడితో రైతు భరోసా పడిందా లేదా అని వాదనకు దిగితే చూపు పైనుంచి తప్పుతుంది. చూపు తప్పితే తాడు వదులవుతుంది. అందుకే మా కాలనీకి వచ్చే ముఠాలో పెద్దాయన దీన్ని నాలుగు మాటల్లో చెప్పేస్తాడు: "పైన మనిషుంటే కింద నోరుండొద్దు."

పైవాడు నేలమీద కాలు పెట్టాక మాత్రం ఆ నోళ్లకు అడ్డూ ఆపూ ఉండదు. కొట్టిన కొమ్మల మీదే కూర్చుంటారు. చాయ్ వస్తుంది, దాని వెనకే రాష్ట్రం, దేశం, కులం, పింఛను, ఎకరం ధర అన్నీ వస్తాయి. ఇళ్లలో, అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, టీవీ స్టూడియోల్లో ఇవే విషయాల మీద మనుషులు మొహాలు చూసుకోవడం మానేసిన ఈ రోజుల్లో, వీళ్లు అరగంటసేపు గొంతు చించుకుని వాదించుకుని, లేచి ఒకరి తాడు ఒకరు పట్టుకుని మళ్లీ పనిలోకి దిగడం నాకు చాలా విలువైన సంగతిగా కనిపిస్తుంది. అది ఎలా సాధ్యమవుతోందో అర్థం చేసుకోవాలని వాళ్లతో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

హైదరాబాద్‌లో ఈ పని ముమ్మరంగా సాగేది ఏప్రిల్, మే నెలల్లో. తొలకరి గాలివానకు కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడకుండా ముందే కొట్టేయాలి. పొద్దున్నే వినిపించే మొదటి ప్రశ్న "ఎల్‌సీ ఇచ్చిండ్రా?" అన్నదే. అంటే ఆ లైనుకు సరఫరా ఆపినట్టు లైన్‌మన్ దగ్గర్నుంచి ఖాయంగా కబురు రావాలి. అది వచ్చేదాకా ఎవరూ చెట్టెక్కరు. పచ్చి కొమ్మలో నీరుంటుంది, కొమ్మ తీగను తాకితే పట్టుకున్నవాడి ప్రాణం పోతుంది.

పెద్దాయనది పాలమూరు వైపు. గీత వృత్తి చేసిన కుటుంబం. మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కడం చిన్నప్పుడే వచ్చింది. ఊళ్లో తాళ్లు, ఈదులు తగ్గి, కల్లు గిరాకీ తగ్గాక పట్నం చేరాడు. ఇప్పుడు ఎక్కడం మానేసి కింద నిలబడి ఎక్కడ కోయాలో చెబుతాడు. ఎక్కేది అతని అన్న కొడుకు. తాడు పట్టేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన నలభై ఏళ్ల మనిషి. మోటారు రంపానికి చమురు పోసి, పళ్లు పదును పెట్టే ఇద్దరు కుర్రాళ్లు ఒడిశావాళ్లు. పడిన కొమ్మలు ఏరి, కట్టలు కట్టి ట్రాక్టర్లోకి ఎత్తేది ఇద్దరు ఆడవాళ్లు. చేవెళ్ల అవతలి ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు.

వీళ్ల వాదన గురించి చెప్పేముందు వీళ్ల పని గురించి చెప్పాలి. లావుపాటి కొమ్మను తీయాలంటే మూడు కోతలు పడాలి. మొదటిది కాండానికి జానెడుకు పైగా దూరంలో, కొమ్మ అడుగువైపు నుంచి పైకి, మూడో వంతు లోతుకు. రెండోది దానికి నాలుగు వేళ్ల అవతల, పైనుంచి కిందికి. అప్పుడు కొమ్మ బరువుకి విరిగినా చీలిక అడుగు కోత దగ్గరే ఆగిపోతుంది, బెరడు కాండం వెంట ఊడిరాదు. మిగిలిన పొట్టి మోడును మూడో కోతతో తీస్తారు. విద్య అంతా ఈ మూడో కోతలోనే ఉంది. కొమ్మ కాండంలో కలిసే చోట చుట్టూ కాస్త ఉబ్బి, ముడతలు పడి, గాజు తొడిగినట్టు ఉంటుంది. పెద్దాయన దాన్ని కొమ్మ మెడ అంటాడు. మెడను చెట్టుకే వదిలేసి దాని అంచున కోయాలి. మెడతో సహా నున్నగా చెక్కేస్తే చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది కాని ఆ దారిన కుళ్లు కాండంలోకి దిగుతుంది. మోడు పొడుగ్గా వదిలేస్తే అది ఎండి పుచ్చిపోతుంది, చెట్టు దాన్ని కప్పుకోలేదు. ఓ పూట చేతికందే కొమ్మ కింద నిలబడి చూశాను. పెద్దాయన పసివాడి చెయ్యి పట్టుకున్నంత జాగ్రత్తగా ఆ ముడతల మీద వేలు పెట్టి చూసి, సుద్దముక్కతో గీత గీసి, "గీత దాటకు" అన్నాడు. అంతే. కుర్రాడు దాటలేదు.

అమెరికా అటవీ శాఖలో పాతికేళ్లకు పైగా పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను మోటారు రంపంతో నిలువునా కోసి చూసి ఈ సంగతే శాస్త్రంగా చెప్పాడు. మన ఒంటి గాయంలాగా చెట్టు గాయం మానదు. పాడైన చెక్క చుట్టూ చెట్టు లోపల్లోపల అడ్డుగోడలు కట్టుకుని, ఆ భాగాన్ని వేరు చేసి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. 1977లో అచ్చయిన ఈ వివరణతో ప్రపంచమంతా కొమ్మలు కోసే పద్ధతే మారింది. కోసిన చోట తారు, రంగు పూసినంత మాత్రాన కుళ్లు ఆగదని కూడా ఆయనే తేల్చాడు. పెద్దాయన మాత్రం ఇప్పటికీ పేడ పూస్తాడు. దీనిమీద మా ఇద్దరికీ ఏటా వాదం. "మీ దొర కోసి చూసిండు, నేను పూసి చూసిన" అంటాడు. ఆయన పూసిన చెట్లు బాగానే ఉన్నాయి. అవి బాగుండటానికి కారణం పేడ కాదనీ, మెడ దగ్గర తప్పకుండా పడిన కోత అనీ నేనంటాను. ఇంకా తెగలేదు.

వాదనకు వస్తే, మొన్నటిదాకా ఎక్కువసార్లు నలిగింది ఉచిత బస్సు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచీ మగవాళ్లకు సీటు దొరకడం లేదని ఎక్కే కుర్రాడి ఫిర్యాదు. "నీ సీటు కోసం నా కూలిల సగం బస్సుకే పెట్టాల్నా?" అని కొమ్మలు ఏరే ఆమె నిలదీసింది. ఆ తర్వాత వచ్చింది కిట్ల సంగతి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, నడుం పట్టీలు, కాలికి వేసుకునే సాధనాలు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీంచి పడి చనిపోయే, నడుం విరిగే గీత కార్మికులు ఎందరో ఉన్నారు కాబట్టి అది చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. కుర్రాడి ప్రశ్న ఇంకోటి: "తాటిచెట్టు మీంచి పడితేనే నడుం ఇరుగుతదా కాకా, నిద్రగన్నేరు మీంచి పడితే ఇరగదా?" గీత వృత్తికి సంఘం ఉంది, సొసైటీ ఉంది, కులం ఉంది, ఓట్లున్నాయి. కొమ్మలు కొట్టేవాళ్లకు ఇవేవీ లేవు. ఒక్కో ఊరి నుంచి ఒక్కొక్కరు వచ్చి కాంట్రాక్టరు కింద చేరతారు, పని అయ్యాక చెదిరిపోతారు. పెద్దాయన తన కులానికి దక్కిన దాన్ని తక్కువ చేయనివ్వలేదు. అలాగని అన్న కొడుకు అడిగింది తప్పనీ అనలేదు. "అడుగు, అడిగితెనే అస్తయి" అన్నాడు.

పాలమూరువాడు కాబట్టి పిల్లలమర్రి మాట ఎత్తకుండా ఉండడు. మహబూబ్‌నగర్ దగ్గరి ఆ ఏడు వందల ఏళ్ల మర్రికి చెదలు పట్టి, పెద్ద కొమ్మ ఒకటి కూలి, సందర్శకులను ఆపేశారు. 2018లో కాండానికి రంధ్రాలు చేసి, నీళ్లు కలిపిన క్లోరోపైరిఫాస్ మందును వందలాది సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. పెద్దాయన దాన్ని దగ్గర నిలబడి చూశాడట. చెట్టు బతికినందుకు అతనికి ఎంత సంతోషమో చెప్పలేను. అయినా ప్రతిసారీ చివర ఒక మాట కలుపుతాడు: "చెట్టుకు సెలైన్ ఎక్కించిండ్రు సారూ. అప్పుడు మా ఊరి దవాఖానల సెలైన్ పెట్టేటోడు లేకుండె." ఈ రెండు వాక్యాలనూ అతను ఒకదానితో ఒకటి పోటీకి పెట్టడు. రెండూ జరిగాయి, రెండూ చెప్పాలి అంటాడు.

కోనోకార్పస్ మీద మాత్రం ముఠా అంతా ఒకవైపు, నేను ఒకవైపు. 2015లో మొదలైన హరితహారం కింద రోడ్ల నడుమ, పార్కుల అంచున ఆ మొక్కను విపరీతంగా నాటారు. నీళ్లు పెద్దగా అడగదు, ఏడాది తిరక్కుండా పచ్చటి గోడ లేస్తుంది. తర్వాత దాని వేళ్లు పైపుల్లోకి, కేబుళ్లలోకి దూరుతున్నాయనీ, పుప్పొడి మంచిది కాదనీ గొడవ మొదలై, నాటించిన ప్రభుత్వమే వద్దంది. 2023లో గుజరాత్ ఏకంగా నిషేధించింది. మావాళ్లు దాన్ని పీకేయాలంటారు, ఎందుకంటే గోడ ఆకారం నిలబడాలంటే ఎప్పుడూ కత్తిరిస్తూనే ఉండాలి. నేను ఒక్కసారిగా పీకొద్దు, పక్కన కానుగనో వేపనో నాటి, అది ఎదిగాక తీయండి అంటాను. మొక్క తనంత తాను నడిచొచ్చి డివైడర్ మీద నిలబడలేదు కదా. పది రకాలు కలిపి నాటాల్సిన చోట ఒకే రకాన్ని కిలోమీటర్ల పొడవునా నాటించినవాళ్లను వదిలేసి, కోపమంతా మొక్క మీద చూపించడం న్యాయం కాదు.

ఇదంతా ఒక ఎత్తు. చేవెళ్ల మర్రిచెట్ల మీద జరిగిన వాదన ఒక ఎత్తు.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా రోడ్డుకు రెండువైపులా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలం నాటివి. ఆ దారిన వేసవిలో ప్రయాణం చేసినవాళ్లకు ఆ నీడ సంగతి చెప్పక్కర్లేదు. రోడ్డును నాలుగు వరుసలకు పెంచాలన్నప్పుడు ఆ చెట్లు కొట్టేయాల్సి వస్తుందని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని వేళ్లతో సహా తరలించేలా ప్లాను మార్చారు. ట్రిబ్యునల్ ఇచ్చిన స్టే తొలగిందన్న వార్త వచ్చిన కొద్ది రోజులకే, 2025 నవంబరు 3న, అదే దారిలో మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. కంకర బస్సులోకి ఒలికి మనుషులను కప్పేసింది. 19 మంది చనిపోయారు.

ఆ వారమంతా రాష్ట్రం చెట్లనే తిట్టింది. చెట్ల కోసం కోర్టుకెళ్లినవాళ్లను మరీ తిట్టింది. ముఠాలోనూ అదే మాట వచ్చింది. ఎక్కే కుర్రాడు ఆ రోజు కోపంతో ఊగిపోతున్నాడు.

"చెట్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా కాకా? ఎన్నడో కొట్టేస్తే గింతమంది సచ్చేటోళ్లా?"

"చెట్టు పోయి బస్సును గుద్దిందారా?" అన్నాడు పెద్దాయన. "టిప్పర్ల గంత లోడు ఎవలేసిండ్రు? గుంత ఎవలు పూడ్వలే?"

"రోడ్డు ఎడల్పుంటే తప్పుకుంటుండె."

"ఎడల్పు రోడ్డు మీద సస్తలేరా?"

నేను మధ్యలో ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు మాట తెచ్చాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద పట్నాన్ని ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇప్పటికీ ఉంది. కుర్రాడు గౌరవంగానే విన్నాడు, ఒప్పుకోలేదు. "అది నూరేండ్ల కిందటి ముచ్చట సారూ. మొన్న సచ్చినోళ్లు మా పక్కూరోళ్లు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. శవం ఇంటి గుమ్మంలో ఉన్నవాడికి చరిత్ర చెప్పి ఒప్పించాలనుకోవడం సరైన పని కాదు.

అప్పటిదాకా కొమ్మల కట్టకు తాడు బిగిస్తున్న ఆమె లేచి నిలబడింది. ఆ రోడ్డు మీదే రోజూ బస్సెక్కి వచ్చే మనిషి. "నాకు రోడ్డు గావాలె" అంది. "బస్సు దిగినంక ఎండల నిలవడనీకి చెట్టు గావాలె. రెండూ ఎందుకు కుదరవో చెప్పుండ్రి. కుదరనియ్యక ఇన్నేండ్లు ఎవలు నానవెట్టిండ్రో వాళ్లనడుగుండ్రి. మీలో మీకు కొట్లాటెందుకు?"

ఆ సమస్య మీద నిపుణులు, వకీళ్లు, అధికారులు రాసిన కాగితాలు కొన్ని నేనూ చదివాను. ఇంత సూటిగా అడిగినవాళ్లు నాకు వాటిలో కనపడలేదు. చెట్టా మనిషా అన్న ప్రశ్న పెట్టగానే అసలు బాధ్యులు పక్కకు తప్పుకుంటారు. చెట్లను నడుమ ఉంచి రెండువైపులా దారి వేయొచ్చునన్న ఆలోచన మొదటి ప్లానులోనే ఉండి ఉంటే కోర్టు మెట్లు ఎక్కాల్సిన పనే పడేది కాదు. మొదట చెట్లను లెక్కలో లేనివిగా గీసి, తర్వాత ఎవరో అడ్డుపడితే మార్చడం మన ఇంజనీరింగ్‌కు అలవాటైపోయింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూల్చే బుల్‌డోజర్లు రాత్రింబవళ్లు తిరిగి, సుప్రీంకోర్టు ఆపేదాకా ఆగకపోవడంలోనూ అదే తీరు ఉంది.

ఉద్దానం మనిషి ఈ గొడవలో ఎక్కువ మాట్లాడడు. అతనికి చెట్ల లెక్కే వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు అక్కడ కూలిన చెట్లు తొలగించే పనికి వెళ్లాడు. వీధుల్లో తురాయిలు, కొండచింతలు వేళ్లు పైకి తేలి పడి ఉన్నాయట. గట్టిగా నిలబడ్డవి చాలావరకు చుట్టూ మట్టి ఉన్న పాత వేపలు, రావులు అంటాడు. నాలుగేళ్లకు, 2018 అక్టోబరులో, తిత్లీ సరిగ్గా అతని ఊరి మీదికే వచ్చింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు ఆగాలి. అంతదాకా ఇల్లు ఎలా గడవాలి? "సెట్టు పడిపోతే మనిసి వలసెల్లిపోవాల సారూ. మరేటి సేత్తాడు?" అని ఊరుకుంటాడు.

రాష్ట్రం విడిపోయిన ముచ్చట వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేదు. పెద్దాయన ఉద్యమంలో తిరిగిన మనిషి. మా నీళ్లు, మా కొలువులు, మా రాష్ట్రం అని ఆ రోజుల గురించి మాట్లాడుతుంటే కళ్లు మెరుస్తాయి. "మీ రాస్ట్రం మీకొచ్చీసింది అన్నా, మంచిదే" అన్నాడు ఇతను. "నాను మాత్రం ఈడకే వచ్చినాను." చుట్టూ ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కొంతసేపటికి, "నువ్వస్తెనే గదా తమ్మీ నా అన్న కొడుకు పైకెక్కేది" అన్నాడు. ఎవరి అభిప్రాయం వాళ్ల దగ్గరే ఉంది. ఉద్యమం సరైనదేనని ఒకరు, తన జిల్లాను రెండు రాష్ట్రాలూ పట్టించుకోలేదని ఒకరు ఇప్పటికీ అనుకుంటారు.

ఇదంతా చూశాక నాకు తోచింది ఒకటే. వీళ్లు సౌమ్యులు కాబట్టి విడిపోవడం లేదనుకుంటే పొరపాటు. నోరు చాలా దురుసు. మాట పడరు. కాని వాదన ముగిసిన పది నిమిషాలకు ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలోకి వెళ్తుందని ఇద్దరికీ తెలుసు. తన తాడు పట్టేవాణ్ణి ద్రోహి అనో, అమ్ముడుపోయినవాడు అనో అనేసి ఎవడూ చెట్టెక్కలేడు. కాబట్టి మాట ఎంత వేడెక్కినా మనిషి మీదికి పోకుండా, విషయం దగ్గరే ఆగుతుంది. మనం ఇంట్లో సోఫాలో కూర్చుని, మన ప్రాణంతో ఏ సంబంధమూ లేని అపరిచితుడితో ఫోన్లో వాదిస్తాం. అతను రేపు మనకు అక్కర్లేదు. అందుకే ఏ మాటైనా అనేయగలుగుతున్నాం. పార్టీ పేరు చెప్పి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లలో కలిసి చేయాల్సిన పని ఏదీ మిగల్లేదన్నది కూడా గమనించాను. పొలం కౌలుకిచ్చేశారు, శుభకార్యం ఫంక్షన్ హాలువాళ్లకు అప్పగించారు, అమ్మానాన్నల బాగోగులు జీతానికి పెట్టుకున్న మనిషికి వదిలేశారు. ఒకరి అవసరం ఒకరికి లేకుండా పోయాక అభిప్రాయభేదం ఒక్కటే మిగిలింది.

అలాగని ఈ ముఠాను ఆదర్శంగా నిలబెట్టలేను. అందరూ కలిసే కూర్చుంటారు కాని అన్నం డబ్బాలు రెండు చోట్ల తెరుచుకుంటాయి. ఎందుకని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. కులం మీద నాయకులను తిట్టే మాటలు ఎన్నో వినిపిస్తాయి గాని, ఆ రెండు చోట్ల గురించి ఒక్క మాట వినిపించదు. కొమ్మలు ఏరే ఆడవాళ్లకు మగవాళ్ల కూలిలో సగానికి కొంచెం ఎక్కువ ముడుతుంది. ముళ్ల తుమ్మ కొమ్మలను వట్టి చేతులతో లాగేది వాళ్లే. చేవెళ్ల మాట వచ్చిన రోజున అందరికన్నా తెలివైన మాట చెప్పింది ఆమే అయినా, మర్నాడు ఏ కొమ్మ కొట్టాలన్న చర్చలో ఆమెను ఎవరూ పిలవలేదు. తాడు పట్టే అవకాశం లేనివాళ్లకు వాదనలో కూడా చోటు తక్కువే. నేను పైన చెప్పిన మర్యాదకు హద్దు ఇక్కడ ఉంది. ఇది మారాలని పెద్దాయనతో గట్టిగానే అన్నాను. కూలి సంగతి కాంట్రాక్టరును అడగమన్నాడు. డబ్బాల సంగతికి జవాబు చెప్పలేదు.

చెట్ల విషయంలో పనివాళ్లను, వీధివాళ్లను పక్కన పెడితే ఏమవుతుందో చూడాలంటే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కథ చదవాలి. 2012లో ఆ నగర పాలక మండలి రోడ్ల బాగు కోసం ఒక ప్రైవేటు సంస్థతో పాతికేళ్ల ఒప్పందం చేసుకుంది. అందులో 17,500 వీధి చెట్లు తీసేయాలన్న లక్ష్యం ఉంది. చాలా చెట్లు ఆరోగ్యంగా ఉన్నవే. పేవ్‌మెంటు రాళ్లు లేచాయన్నదే వాటి నేరం. 2016 నవంబరు 17న తెల్లవారకముందే పోలీసులతో వచ్చి, నిద్రలో ఉన్నవాళ్లను లేపి కార్లు తీయించి చెట్లు కొట్టారు. అడ్డుపడిన డెబ్బైల్లో ఉన్న ఆడవాళ్లను అరెస్టు చేశారు. సలహా కోసమని మండలి తానే ఒక స్వతంత్ర సంఘాన్ని పెట్టి, అది చెట్లను కాపాడే మార్గాలు చెబితే చాలావరకు పక్కన పడేసింది. ఆపేసరికి దాదాపు 5,600 చెట్లు పోయాయి. 2023లో వచ్చిన విచారణ నివేదిక పాలక మండలి ప్రజలను తప్పుదారి పట్టించిందని తేల్చింది. మండలి క్షమాపణ చెప్పింది. రాయి లేస్తే రాయిని సవరించొచ్చునని అక్కడి చెట్ల పనివాళ్లలో తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట ఒప్పందంలో లేదు.

మన దగ్గర 2002 నుంచి నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. కాని చెట్టు చచ్చేది ఎక్కువగా గొడ్డలితో కాదు. కాండానికి ఆనించి పోసిన సిమెంటుతో, డ్రైనేజీ కోసం తవ్వి తెంపేసిన వేళ్లతో, తీగకు అడ్డమని ఏటా బోడి కొట్టడంతో. వేళ్లలో ఎక్కువ భాగం నేలలో రెండడుగుల లోతు లోపే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుంటాయి. ఒక్క జేసీబీ గీత చాలు. బోడి కొట్టిన చెట్టు గుబురుగా చిగురిస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఆ చిగుళ్లు చేవ నుంచి పుట్టినవి కావు, బెరడు కింద పైపైన అతుక్కున్నవి. లావయ్యాక గాలికి అవే విరిగి పడతాయి. అప్పుడు చెట్టు ప్రమాదకరం అని మొత్తం కొట్టేస్తారు. ఇవన్నీ పెద్దాయనకు తెలుసు. ఒక్క వార్డు మీటింగుకైనా అతన్ని ఎవరూ పిలవలేదు.

ఈ వేసవిలో మీ వీధికి కొమ్మలు కొట్టేవాళ్లు వస్తే తలుపు వేసుకోకండి. కిందికి దిగి రండి. "తల తీసేయండి" అనకండి. ఏ కొమ్మ తీగకు తగులుతుందో, ఏది ఎండిందో వాళ్లనే అడగండి, ఆ కొమ్మే మెడ దగ్గర కోయమనండి. దానికి గంట ఎక్కువ పడుతుంది, ఆ గంటకు కూలి ఇవ్వండి. కొమ్మలు ఏరేవాళ్లకూ అంతే ఇవ్వమని మేస్త్రీకి చెప్పండి. తర్వాత మీ గేటు ముందున్న చెట్టు మొదట్లో చుట్టూ మూడడుగుల మేర సిమెంటు పగలగొట్టించండి. చాయ్ తెప్పించి వాళ్లతో కూర్చోండి. మీరు ఓటేసిన పార్టీని వాళ్లు తిట్టొచ్చు. వినండి, మీకు తోచింది మీరూ అనండి. పైన మనిషి లేడని చూసుకున్నాకే.